కదలని అద్దం, కదిలే సూర్యుడు: తిరుమల నుంచి ఆరోవిల్ దాకా

ఎండను ఒక చుక్క మీదకు చేర్చడం కష్టం కాదు. భూతద్దం చేతికిస్తే చిన్నపిల్లలూ చేసే పనే అది. చేర్చిన చోటే దాన్ని నిలిపి ఉంచడం కష్టం. భూమి మీద నుంచి చూస్తే సూర్యబింబం వెడల్పు దాదాపు అర డిగ్రీ. ఆకాశంలో అది గంటకు 15 డిగ్రీలు జరుగుతుంది. అంటే రెండు నిమిషాలు గడిచేసరికి తన వెడల్పంత మేర పక్కకు తప్పుకుంటుంది. కటకం కింద పడిన వెలుగుచుక్క కూడా అంతే తప్పుకుంటుంది. దీనికి ఋతువుల కదలిక తోడవుతుంది. రెండు అయనాంతాల మధ్య మధ్యాహ్న సూర్యుడి స్థానం ఉత్తర దక్షిణాలుగా 47 డిగ్రీల మేర మారుతుంది. కటకమైనా అద్దమైనా సూర్యుడి వెంట తిరగాలంటే మోటార్లు, గేర్లు, బేరింగులు, ఈదురుగాలికి తట్టుకునే ఉక్కు చట్రం కావాలి. ఖర్చు పెరిగేది అక్కడే, ముందుగా మరమ్మతుకు వచ్చేవీ అవే. అందుకే ఒకచోట కదలకుండా ఉండి ఎండను పోగుచేసే కటకం కోసం, అద్దం కోసం ఇంజనీర్లు చాలాకాలంగా వెతుకుతున్నారు.

ఆ వెతుకులాటలో తేలిన జవాబులు దక్షిణాదిలో ఒకే దారి వెంట వరుసగా ఎదురవుతాయి. తిరుమల కొండ మీద మొదలై, చెన్నై మీదుగా తూర్పుతీరం రోడ్డెక్కి, పుదుచ్చేరి పక్కనున్న ఆరోవిల్‌లో ముగిసే ఆ దారి పొడవు సుమారు 300 కిలోమీటర్లు. ప్రతి మజిలీలోనూ అడగవలసిన ప్రశ్న ఒక్కటే. సూర్యుడు కదులుతున్నాడు కనక ఈ ఏర్పాటులో ఏదో ఒకటి కదలక తప్పదు, లేదా ఏదో ఒకటి వదులుకోక తప్పదు. ఆ భారాన్ని దేని నెత్తిన పెట్టారు?

తిరుమలలో ఆ భారం అద్దానిదే. అక్కడ అన్నప్రసాదం వేలమందికి పొద్దుటి నుంచి రాత్రి దాకా సాగే పని. 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో దేవస్థానం అన్నదాన వంటశాల కోసం సౌర ఆవిరి వ్యవస్థ ఏర్పాటైంది. 106 డిష్‌లు, ఒక్కొక్కటి 9.2 చదరపు మీటర్లు. రోజుకు 15,000 మందికి వండేందుకు చాలినంత ఆవిరి ఇవ్వడం దాని లక్ష్యం. ఆ రకం వంట వ్యవస్థల్లో అప్పటికి ప్రపంచంలోనే పెద్దదిగా దానికి పేరొచ్చింది. సంఖ్యల కన్నా ఆసక్తికరమైనది ఆ డిష్‌ల వెనకున్న ఆలోచన.

మామూలు పరావలయ అద్దం, అంటే పారాబొలిక్ డిష్, సూర్యుడికి ఎదురుగా తిరిగినకొద్దీ దాని నాభి, అంటే వెలుగు వచ్చి చేరే చుక్క, కూడా దాంతోపాటే గాలిలో తిరుగుతుంది. నాభి దగ్గర గిన్నె పెడితే గిన్నే తిరగాలి. వేలమందికి వండే చోట అది కుదరదు. వోల్ఫ్‌గాంగ్ షెఫ్లర్ అనే భౌతికశాస్త్రవేత్త 1980లలో దీనికి మార్గం కనిపెట్టాడు. ఆయన తొలి డిష్‌లలో ఒకటి ఉత్తర కెన్యాలో పనిచేసింది. పెద్ద పరావలయం మొత్తాన్ని కాక, దాని పక్కభాగం నుంచి ఒక ముక్కను మాత్రమే ఆయన తీసుకున్నాడు. ఆ ముక్కను భూమి అక్షానికి సమాంతరంగా ఉన్న ఇరుసు మీద గంటకు 15 డిగ్రీల చొప్పున తిప్పితే, నాభి ఆ ఇరుసు మీదే ఉండిపోతుంది. అద్దం తిరుగుతుంది, నాభి తిరగదు. తిరుమల అక్షాంశం సుమారు 13.7 డిగ్రీలు కనక అక్కడి ఇరుసులు నేలకు అంతే వాలుతో ఉత్తరం వైపు ధ్రువనక్షత్రాన్ని చూస్తూ నిలబడాలి. ఇక మిగిలింది ఋతువుల మార్పు. దానికోసం డిష్ వాలును సర్దడమే కాదు, అద్దం వంపును కూడా కొద్దిగా మార్చాలి. వేసవిలో కావలసిన పరావలయం వేరు, చలికాలంలో కావలసింది వేరు. అందుకే షెఫ్లర్ డిష్ చట్రం కావాలనే వంగేలా కడతారు. నాభి దగ్గర వేడిని అందుకునే ఒకే గ్రాహకానికి రెండు వైపులా రెండు డిష్‌లు పెడతారు. పనివాళ్ల వాడుకలో ఒకటి నిలుచున్నది, ఇంకొకటి పడుకున్నది.

ఈ పద్ధతి దేశంలో బాగా పాకింది. షిరిడీలో 73 డిష్‌లున్నాయి. రాజస్థాన్‌లోని ఆబూ రోడ్ దగ్గర బ్రహ్మకుమారీల ప్రాంగణంలో 60 చదరపు మీటర్ల డిష్‌లు 770 కట్టి, ఒక మెగావాట్ కరెంటు తీసే కేంద్రాన్ని నడుపుతున్నారు. ఒకటి మాత్రం చెప్పుకోవాలి. 106 డిష్‌లంటే 106 ఇరుసులు, అన్ని చట్రాలు, అన్ని సర్దుబాట్లు. శేషాచలం మీద గాలి వీచినప్పుడు ప్రతి డిష్ ఒక తెరచాపగా మారుతుంది. నాభిని నిలబెట్టినందుకు చెల్లించే మూల్యం అది.

కొండ దిగి పుత్తూరు దాటితే నగరి కొండల ముక్కు రాయి దూరం నుంచే కనిపిస్తుంది. మరమగ్గాల ఊరు నగరి, ఆ తర్వాత తిరుత్తణి, అక్కడి నుంచి చెన్నై. నుంగంబాక్కంలోని వాతావరణ కేంద్రం ఆవరణకు సూర్యుడితో, తెలుగుతో కూడా పాత చుట్టరికం ఉంది. 1792లో ఈస్టిండియా కంపెనీ ఇక్కడే మద్రాసు నక్షత్రశాలను కట్టింది. దానికి రూపశిల్పి మైకేల్ టాపింగ్. దుర్భిణిని వణుకు లేకుండా నిలిపేందుకు వాడిన గ్రానైటు స్తంభం ఇప్పటికీ ఉంది. దాని మీది శాసనంలో తెలుగు కూడా ఉంది.

ఈ మజిలీలో అసలు చూడవలసింది అంతకన్నా చిన్న వస్తువు. లోకంలోని చాలా వాతావరణ కేంద్రాలు వంద సంవత్సరాలకు పైగా ఎండ గంటలను లెక్కపెట్టింది కాంప్‌బెల్-స్టోక్స్ పరికరంతోనే, భారత వాతావరణ శాఖ కూడా దాన్నే వాడింది. 1853లో జాన్ ఫ్రాన్సిస్ కాంప్‌బెల్ దీన్ని రూపొందించాడు. 1879లో జార్జి గాబ్రియేల్ స్టోక్స్ మెరుగుపరిచాడు. అందులో ఉన్నది సుమారు 10 సెంటీమీటర్ల గాజుగోళం, దాని వెనక వంపు తిరిగిన లోహపు పట్టీ, పట్టీలో దూర్చిన అట్టముక్క. గోళం కదలదు, అట్ట కదలదు. సూర్యుడు కదిలినకొద్దీ వెలుగుచుక్క అట్ట మీద గీత కాలుస్తూ పోతుంది. మబ్బు కమ్మితే గీత తెగుతుంది. సాయంత్రం గీత పొడవు కొలిస్తే ఆ రోజు ఎన్ని గంటలు ఎండ కాసిందో తేలుతుంది.

నిజమైన స్థిర కటకం ఇదే. దీని రహస్యం గోళం ఆకారంలో ఉంది. మామూలు కటకానికి ఒకే అక్షం. గోళానికి మధ్యబిందువు గుండా పోయే ప్రతి గీతా అక్షమే. సూర్యుడు ఏ మూలనున్నా గోళానికి ఎదురుగానే ఉన్నట్టు లెక్క. వక్రీభవన గుణకం 1.5 ఉన్న గాజైతే, నాభి మధ్యబిందువు నుంచి వ్యాసార్ధానికి ఒకటిన్నర రెట్ల దూరంలో, సూర్యుడికి సరిగ్గా అవతలి వైపు పడుతుంది. అందుకే అట్టను గోళాన్ని చుట్టి వంచుతారు.

మరి ఇదే గోళాన్ని పెద్దది చేసి వంటకు ఎందుకు వాడుకోరు? బరువు వల్ల. ఒక మీటరు వ్యాసమున్న గాజుగోళం 1,300 కిలోలు తూగుతుంది. అంత గాజు నడినెత్తి ఎండలో అందుకునేది 800 వాట్ల లోపే. వ్యాసం రెట్టింపైతే అందే ఎండ నాలుగు రెట్లవుతుంది, గాజు బరువు ఎనిమిది రెట్లవుతుంది. ఎండ గంటలను రాసిపెట్టడానికి గోళం చాలు, ఆవిరి తీయడానికి అది పనికిరాదు. అయినా అందులో ఉన్న సూత్రం, అంటే అన్ని వైపులకూ ఒకేలా ఉండే ఆకారం, ఈ దారి చివర అద్దం రూపంలో మళ్లీ ఎదురవుతుంది.

కటకం బరువు తగ్గించిన మార్గం మహాబలిపురం దగ్గర గుర్తొస్తుంది. అక్కడి కొండ మీద దీపస్తంభం, దాని పక్కనే పల్లవుల ఒలక్కణ్ణేశ్వర ఆలయం ఉన్నాయి. కొత్త స్తంభం రాకముందు ఆ గుడి కప్పు మీదే దీపం వెలిగించేవారు, అందుకే దాన్ని పాత దీపస్తంభం అని కూడా అంటారు. ఫ్రెంచి భౌతికశాస్త్రవేత్త ఆగస్టిన్ ఫ్రెనెల్ 1820లలో దీపస్తంభాల కోసమే కొత్త కటకాన్ని తయారుచేశాడు. 1823లో ఫ్రాన్స్ తీరంలోని కార్దువాన్ దీపస్తంభంలో అది వెలిగింది. వెలుగు వంగేది గాజు ఉపరితలం దగ్గరే కనక, లోపలి మందం వృథా బరువని ఆయన గ్రహించాడు. ఉపరితలాన్ని వలయాలుగా కోసి, ఒక్కొక్క వలయాన్ని కిందికి దించి పలుచని పలకగా మార్చాడు. దీపస్తంభంలో నాభి దగ్గరున్న దీపం వెలుగు సముద్రం మీదకు పోతుంది. దాన్నే వెనక్కి తిప్పితే సముద్రం మీది ఎండ నాభికి చేరుతుంది. ఇప్పటి సౌర ఫ్రెనెల్ కటకాలు ఎక్కువగా అక్రిలిక్ పలకలు, తేలిక, చవక.

అయితే చదునైన ఫ్రెనెల్ పలక సూర్యుడి వెంట తిరగకపోతే పని చెయ్యదు. వెలుగు ఏటవాలుగా పడితే నాభి పక్కకు పోవడమే కాదు, చెదిరిపోతుంది కూడా. స్థిర కటకాన్ని డిజైన్ చేసేవాళ్లు ఇక్కడ ఒక ముఖ్యమైన నిర్ణయం తీసుకున్నారు. సూర్యుడి బొమ్మ స్పష్టంగా పడాలన్న పట్టుదల వదులుకున్నారు. ఫొటో తీసే కటకానికి బొమ్మ కావాలి, నీళ్లు మరిగించడానికి అక్కర్లేదు. ఒక నిర్ణీత కోణం లోపల ఎటు నుంచి వచ్చిన వెలుగైనా కింది పట్టీ మీద ఎక్కడో ఒకచోట పడితే చాలు. అమెరికాలో రోలండ్ విన్‌స్టన్ 1974లో ప్రచురించిన పత్రంతో ఈ ఆలోచన సౌరశక్తి రంగంలో స్థిరపడింది. రెండు పరావలయపు రెక్కలను ఎదురెదురుగా నిలిపిన తొట్టి లాంటి ఆయన సంగ్రాహకాన్ని సంయుక్త పరావలయ సంగ్రాహకం అంటారు. ఇదే సూత్రాన్ని కటకానికి వర్తింపజేసి, కమానులా వంగిన ఫ్రెనెల్ కటకాలను రాల్ఫ్ లూట్స్, అకియో సుజుకి రూపొందించారు. వాటి డిజైన్ మీద వారి పుస్తకం 2001లో వచ్చింది.

ప్రకృతి ఇక్కడ ఒక గట్టి హద్దు గీసింది. ఎంత వెడల్పు కోణం నుంచి వెలుగు తీసుకుంటే అంత తక్కువగా పోగుచెయ్యగలం. తొట్టి ఆకారంలో ఉన్న సంగ్రాహకానికి గరిష్ఠ కేంద్రీకరణ, స్వీకార కోణంలో సగానికి సైన్ విలువ కట్టి దానితో 1ని భాగిస్తే వచ్చేంత. సూర్యబింబాన్ని మాత్రమే వెంబడించే యంత్రానికి ఆ సగకోణం పావు డిగ్రీ చిల్లర, కేంద్రీకరణ 200 రెట్లు దాటగలదు. స్థిరంగా ఉండాలంటే లెక్క మారుతుంది. తూర్పు పడమరలుగా పరిచిన తొట్టి ఏడాది పొడవునా రోజుకు ఆరు గంటలు పనిచెయ్యాలంటే, అయనాంతాల రోజుల్లో సూర్యుడు తొట్టి మధ్యతలానికి 31.5 డిగ్రీల దాకా వాలతాడు. అక్కడ హద్దు 1.9 రెట్లు. ఎనిమిది గంటలు కావాలంటే 41 డిగ్రీలు, హద్దు 1.5. తొట్టిని గాజుతోనో అక్రిలిక్‌తోనో నింపితే వక్రీభవన గుణకం మేర, అంటే ఇంకో ఒకటిన్నర రెట్లు, పెరుగుతుంది. ఏ మేధావి వచ్చినా ఈ హద్దు దాటలేడు. ఇది చేతకానితనం కాదు, ఉష్ణగతిశాస్త్రం చెప్పే మాట.

రెండు రెట్లంటే తక్కువేం కాదు. తూర్పుతీరం రోడ్డులో మరక్కాణం వచ్చేసరికి రెండువైపులా ఉప్పుమళ్లు పరుచుకుంటాయి. అక్కడ ఎండను పోగుచేసేదేమీ లేదు, మళ్లలో నిలిపిన నీళ్లు నేరుగా పడే ఎండకే ఇగిరి ఉప్పు తేరుతుంది. ఒక రెట్టు ఎండతో అంత పని జరుగుతుంది. రెండు రెట్ల సంగ్రాహకం అడుగున గాలి తీసేసిన గాజుగొట్టాన్ని పెడితే, వేడి బయటికి పోదు కనక, 200 డిగ్రీల సెల్సియస్ దాకా కూడా చేరవచ్చు. మబ్బుల్లో చెదిరి వచ్చే పలుచని వెలుగులోనూ సగం దాకా అది అందుకుంటుంది. గట్టిగా పోగుచేసే అద్దాలకు అది సాధ్యం కాదు. తీరప్రాంతపు తేమ గాలిలో ఇది చిన్న లాభం కాదు. ఇందులో ఏదీ కదలదు. వదులుకున్నది కేంద్రీకరణనే.

మరక్కాణం దాటి పుదుచ్చేరికి ముందే కుడివైపు తిరిగితే ఎర్రమట్టి దారి మొదలవుతుంది. 1968 ఫిబ్రవరి 28న ఆరోవిల్‌కు పునాది పడినప్పుడు ఈ మిట్ట నేల వానలకు కోసుకుపోయి బోడిగా ఉండేది. ఇప్పుడు అది అడవి. ఆ చెట్ల మధ్య సోలార్ కిచెన్ భవనం కప్పు మీద ఈ యాత్రకు గమ్యమైన సౌర గిన్నె ఉంది. 1997లో మొదలైన ఆ వంటశాలను వాస్తుశిల్పి సుహాసిని అయ్యర్ రూపొందించారు. గిన్నెను ఆరోవిల్‌లోని శాస్త్ర పరిశోధన కేంద్రం నిర్మించింది.

అది 15 మీటర్ల వ్యాసమున్న గోళాకార అద్దం, నోరు ఆకాశం వైపు. అది ఎప్పుడూ కదలదు. భవనం కప్పుతో కలిసి కట్టిన ఆ గిన్నె దేహం ఫెర్రోసిమెంటు, అంటే సన్నని ఇనుప జాలీ మీద సిమెంటు గార పూసి చేసిన పలుచని పలకలు. లోపలివైపు వేలాది చిన్న చదును అద్దాలు అతికించారు. వంపు అద్దాలు పోత పోయడం ఖరీదు కనక చదునైనవే వాడారు. అద్దం ముక్క వెడల్పు ఎంతో, అది పంపే వెలుగు పట్టీ కనీసం అంత వెడల్పుంటుంది కనక ముక్కలు చిన్నవిగానే ఉండాలి. పనితనం తెలిసేది ఇక్కడే. ప్రతి ముక్కా గోళం మధ్యబిందువు వైపే చూడాలి. ఒక డిగ్రీ తప్పినా దాని వెలుగు గ్రాహకాన్ని తప్పిపోతుంది.

గోళపు అద్దానికి చుక్కలా ఒక నాభి ఉండదు. బడిలో చెప్పే నాభి, అంటే వ్యాసార్ధంలో సగం దూరాన ఉండే బిందువు, అక్షానికి దగ్గరగా వచ్చే కిరణాలకే వర్తిస్తుంది. అంచుల మీద పడిన కిరణాలు అక్షాన్ని ఇంకా కిందికి, అద్దానికి దగ్గరగా ఖండిస్తాయి. అద్దం మీద 60 డిగ్రీల కోణంతో పడిన కిరణమైతే సరిగ్గా అద్దం ఉపరితలం దగ్గరే అక్షాన్ని చేరుతుంది. కాబట్టి వెలుగంతా ఒక గీతగా పరుచుకుంటుంది, అద్దం నుంచి మధ్యబిందువు వైపు సగం దూరం వరకు. దుర్భిణి చేసేవాళ్లు దీన్ని దోషమంటారు. ఇక్కడ ఆ దోషాన్నే వాడుకున్నారు. చుక్క బదులు గీత దొరికితే ఆ గీత వెంట పొడవాటి గ్రాహకాన్ని పెట్టవచ్చు. 15 మీటర్ల నోరు, 60 డిగ్రీల అంచు కోణం ఉన్న గిన్నెకు వ్యాసార్ధం సుమారు 8.66 మీటర్లు, వెలుగు గీత పొడవు 4.33 మీటర్లు.

ఆ గీత ఎటు ఉంటుంది? సూర్యుడి నుంచి గోళం మధ్యబిందువు గుండా వచ్చే సరళరేఖ మీద. గాజుగోళంలాగే ఈ గిన్నెకూ ప్రతి వ్యాసార్ధమూ అక్షమే. సూర్యుడు పడమటికి వాలితే గీత తూర్పుకు ఊగుతుంది, గిన్నె మాత్రం అలాగే ఉంటుంది. మధ్యబిందువు దగ్గర కీలు బిగించిన పొడవాటి గ్రాహకాన్ని కంప్యూటరు సూర్యరేఖ వెంట నిదానంగా తిప్పుతుంది. గ్రాహకం సరిగ్గా ఉందో లేదో దాని నీడ చూసి చెప్పవచ్చు. సూర్యుడి వైపు నిటారుగా గురిపెట్టి ఉంటే నీడ దాని అడ్డుకొలత మేరకే ముడుచుకుంటుంది.

ఈ దారిలో కనిపించే జవాబులన్నిటిలోకీ ధైర్యమైనది ఇదే. 100 చదరపు మీటర్లు దాటిన అద్దాన్ని తిప్పడం మానేసి, ఒక్క గొట్టాన్ని మాత్రం తిప్పుతున్నారు. గాలి తాకిడి భవనం మోస్తుంది. అద్దం కింద ఉక్కు చట్రం లేదు. స్థానిక మేస్త్రీలకు తెలిసిన సిమెంటు పనితోనే గిన్నె తయారవుతుంది. ఇదే ఆలోచనతో అమెరికాలో టెక్సస్‌లోని క్రాస్బిటన్‌లో 65 అడుగుల గిన్నెను 1980లో పరీక్షించారు. సూర్యుడికి బదులు రేడియో తరంగాల కోసం పోర్టోరికోలోని అరెసీబోలో 305 మీటర్ల స్థిర గోళపు డిష్ 1963 నుంచి పనిచేసింది. అక్కడా కదిలింది పైన వేలాడే గ్రాహకమే. 2020 డిసెంబరులో ఆ వేలాడే భాగం కూలడంతో అది ముగిసింది.

నష్టం లేకుండా లాభం రాదు. ఆరోవిల్ అక్షాంశం 12 డిగ్రీలు. గిన్నె నోరు అంతే మేర దక్షిణానికి వాలితే విషువత్తుల మధ్యాహ్నం సూర్యుడు నేరుగా ఎదురవుతాడు. అయనాంతాల మధ్యాహ్నం కూడా నష్టం సుమారు 8 శాతమే. రోజులోని గంటలదే అసలు నష్టం. మధ్యాహ్నానికి మూడు గంటలు అటో ఇటో జరిగితే నోటి వైశాల్యంలో 70 శాతమే సూర్యుడికి ఎదురుగా ఉంటుంది. నాలుగు గంటలు జరిగితే సగమే. తిరుమల డిష్ పొద్దున్నే పూర్తిగా మేల్కొంటుంది, ఈ గిన్నె నెమ్మదిగా మేల్కొంటుంది. మధ్యాహ్న భోజనం వండే వంటశాలకు అది పెద్ద లోటు కాదు, ఎండ ముదిరే వేళకే ఆవిరి అవసరం ముదురుతుంది. ఉప్పుగాలికి అద్దాల వెనక పూత పాడవుతుంది, నోరు పైకి తెరుచుకుని ఉండడంతో దుమ్ము, ఆకులు, వాననీళ్లు అందులోకే చేరతాయి. వేలాది ముక్కల్ని తుడవడం ఎప్పటికీ ఉండే పని.

గిన్నె నుంచి కూతవేటు దూరంలో మాతృమందిర్ ఉంది. దాని లోపలి గదిలో జర్మనీకి చెందిన జైస్ సంస్థ చేసిన 70 సెంటీమీటర్ల గాజుగోళం ఉంది. కప్పు మీది హీలియోస్టాట్, అంటే కంప్యూటరు తిప్పే అద్దం, సూర్యకిరణాన్ని నిట్టనిలువుగా దింపి ఆ గోళం మీద పడేలా చేస్తుంది. అక్కడ ఎండను పోగుచేయడం ఉద్దేశం కాదు, కిరణాన్ని ఒకచోట నిలపడమే కావాలి. అందుకని కదలిక పైకప్పుకు చేరింది. ఒకే ఊళ్లో, నడిచివెళ్లే దూరంలో, ఒకచోట అద్దం కదిలి గోళం నిలిచింది, ఇంకొకచోట అద్దం నిలిచి గ్రాహకం కదిలింది.

సోలార్ కిచెన్‌లో గ్రాహకం గుండా పారే నూనె వేడెక్కి తొట్టికి చేరుతుంది. ఆ వేడితో నీళ్లు ఆవిరై, గొట్టాల్లో కిందికి దిగి వంటపాత్రలను కాస్తాయి. ఎండ బాగా కాసిన రోజున వెయ్యి మందికి రెండు పూటలు వండేందుకు ఆ ఆవిరి చాలుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు ఈ తీరాన్ని కమ్మేస్తాయి. గిన్నె పోగుచేయగలిగేది సూర్యుడి నుంచి నేరుగా వచ్చే కిరణాలనే కనక, మబ్బు పట్టిన రోజుల్లో దానికి దొరికేది దాదాపు ఏమీ ఉండదు. అందుకే మొదటి నుంచీ డీజిల్ బాయిలర్‌ను ఆవిరి గొట్టాలకు జతచేసి పెట్టారు. ఎండ ఎంత తగ్గితే బాయిలర్ అంత అందుకుంటుంది, భోజనం వేళ మారదు.